అప్‌డేట్: శాన్ యసీద్రో బార్డర్ నుంచి ఎన్సెనాడాకి బస్సులోనే వెళ్లొచ్చాం

అమెరికాలోని శాన్ డియేగో నుంచి శాన్ యసీద్రో దగ్గర బార్డర్ దాటాక, మెక్సికోలోని ఎన్సెనాడా ఊరికి టాక్సీ కాకుండా తక్కువ ఖర్చుతో వెళ్లే దారి ఉందా అని పోయిన నెల అడిగాను. బస్సెక్కమని చెప్పిన అందరికీ చాలా థ్యాంక్స్. అమ్మానాన్నలతో వెళ్లి నిన్ననే తిరిగొచ్చాం.

శాన్ డియేగో డౌన్‌టౌన్ నుంచి ట్రాలీ (సిటీ రైలు) బ్లూ లైన్ ఎక్కితే, మనిషికి రెండున్నర డాలర్లకు సరిగ్గా బార్డర్ దగ్గరే దించింది. నడిచి దాటాం. మా ఇండియన్ పాస్‌పోర్టుల్లో చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉండటంతో మెక్సికో వీసా అడగలేదు. దాటగానే టాక్సీవాళ్లు చుట్టుముడతారు, మొహమాటపడకండి. కాస్త నడిస్తే బస్సు దొరుకుతుంది. వాళ్లడిగిన దాంట్లో చిన్న భాగంతో అందరం వెళ్లిపోయాం. మెక్సికో డబ్బు, అంటే పెసోలు, దగ్గర ఉంచుకోండి.

కుడివైపు కిటికీ సీట్లే తీసుకోండి! దాదాపు వంద కిలోమీటర్ల దారిలో చాలాసేపు పసిఫిక్ సముద్రం పక్కనే ఉంటుంది. అమ్మ భీమిలి రోడ్డు గుర్తొస్తోందంటూ కిటికీకే అతుక్కుపోయింది. ఆమె మొహం చూశాక ఈ ట్రిప్‌కి ఇంకేం అక్కర్లేదనిపించింది.

టెన్షన్ పెట్టింది తిరుగు ప్రయాణమే. ఆదివారం సాయంత్రం బార్డర్ దగ్గర నడిచి అమెరికాలోకి దాటేవాళ్ల లైన్లో రెండు గంటలకు పైగా నిలబడ్డాం, నాన్నకి మోకాళ్లు పట్టేశాయి. పెద్దవాళ్లతో వెళ్తే ఆదివారం వద్దు, వారం మధ్యలో తిరిగి రండి. మంచినీళ్లు మర్చిపోకండి.