రస్ట్‌లో స్కీమ్ ఇంటర్‌ప్రెటర్: మెమరీ ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న:
రెండు నెలలుగా రాత్రిళ్లు కూర్చుని రస్ట్‌లో చిన్న స్కీమ్ (లిస్ప్ కుటుంబంలోని భాష) ఇంటర్‌ప్రెటర్ రాస్తున్నాను. పార్సర్ వారంలో అయిపోయింది, లాంబ్డా, లెట్, ఇఫ్ అన్నీ నడుస్తున్నాయి. ఎన్విరాన్‌మెంట్‌ని (ఏ పేరుకి ఏ విలువో ఉంచే పట్టిక) ఆర్‌సీ (Rc, ఎన్నిచోట్ల పట్టుకున్నారో లెక్కపెట్టే పాయింటర్) లోపల రెఫ్‌సెల్‌గా (RefCell, లోపలి విలువని మార్చుకోనిచ్చేది) పెట్టాను. కానీ ఒక ఫంక్షన్ లోపల డిఫైన్‌తో ఇంకో ఫంక్షన్ పెట్టి, బయటిదాన్ని లక్షసార్లు పిలిస్తే మెమరీ పెరుగుతూనే పోతోంది, వెనక్కి రావడం లేదు. పైగా పది లక్షల సార్లు తిరిగే టెయిల్ రికర్షన్ (ఫంక్షన్ తన చివరి పనిగా తననే పిలుచుకోవడం) పెడితే స్టాక్ ఓవర్‌ఫ్లో. రస్ట్‌లో లీక్ ఉండదనుకున్నాను, ఎక్కడ తప్పు చేశాను?

జవాబు 1:
మీ తప్పేం లేదండి, రెఫరెన్స్ కౌంటింగ్‌తో వచ్చే చిక్కే ఇది. లోపలి ఫంక్షన్ తను పుట్టిన ఎన్విరాన్‌మెంట్‌ని పట్టుకుని ఉంటుంది, ఆ ఎన్విరాన్‌మెంట్‌లో మళ్లీ అదే ఫంక్షన్ ఉంటుంది, ఇక రెండిటి కౌంటూ సున్నాకి ఎలా వస్తుంది? లీక్ అవ్వదని రస్ట్ ఎక్కడా హామీ ఇవ్వలేదు. వీక్ (కౌంట్‌లో చేరని పాయింటర్) పెట్టమని ఎవరైనా చెప్తే వినకండి, లోపలి ఫంక్షన్‌ని రిటర్న్ చేశాక దాని ఎన్విరాన్‌మెంట్‌ని పట్టుకునేవాళ్లే ఉండరు, అది కాస్తా పోతుంది.

నేనైతే కాన్స్ సెల్స్ (లిస్ట్‌ని కట్టే జతలు), ఎన్విరాన్‌మెంట్లు అన్నీ ఒకే వెక్టర్‌లో పెట్టి, పాయింటర్ బదులు 32 బిట్ల ఇండెక్స్ వాడాను, పైన మార్క్ అండ్ స్వీప్ (ఇంకా చేరుకోగల వాటికి గుర్తు పెట్టి, మిగతావి ఊడ్చేసే గార్బేజ్ కలెక్టర్). బారో చెకర్‌తో (రెఫరెన్సుల వాడకాన్ని తనిఖీ చేసే రస్ట్ కంపైలర్ భాగం) గొడవ కూడా చాలావరకు తగ్గింది. అసలు గార్బేజ్ కలెక్షన్ (వాడని మెమరీని తనంతట తానే వెనక్కి తీసుకోవడం) పుట్టిందే లిస్ప్ కోసం, లిస్ప్ సృష్టికర్త మెకార్తీ 1960 పేపర్‌లోనే ఉంది, కాబట్టి దాన్ని తప్పించుకోవాలని చూడకండి.

జవాబు 2:
టెయిల్ కాల్ సంగతి. దానికి స్టాక్ పెరగకూడదన్నది స్కీమ్ స్టాండర్డ్‌లో తప్పనిసరి, రస్ట్ కంపైలర్ మాత్రం ఆ గ్యారంటీ ఇవ్వదు. ఇవాల్ ఫంక్షన్ (ఎక్స్‌ప్రెషన్ విలువ కట్టేది) మొత్తాన్ని ఒక లూప్‌లో పెట్టండి. ఇఫ్‌లో ఎంచుకున్న కొమ్మ, బాడీలో చివరి ఎక్స్‌ప్రెషన్ వచ్చినప్పుడు ఇవాల్‌ని మళ్లీ పిలవకుండా ఎక్స్‌ప్రెషన్‌నీ ఎన్విరాన్‌మెంట్‌నీ మార్చి లూప్ మొదటికి వెళ్లాలి. ఇంకోటి, ఆర్‌సీతో కట్టిన పొడవైన లిస్ట్ డ్రాప్ అయ్యేటప్పుడు కూడా ఒక్కో సెల్‌కీ రికర్షన్ నడిచి స్టాక్ పేలుతుంది, ఇండెక్స్ పద్ధతిలో ఆ బాధ లేదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. లూప్ పెట్టగానే పది లక్షలు ఆగకుండా తిరిగింది! ఇండెక్స్‌లకి మారాను, కానీ కలెక్టర్ మధ్యలో నడిస్తే అప్పుడే చేసిన కాన్స్ సెల్ మాయమైపోతోంది.

జవాబు 1:
ఆ సెల్ ఇండెక్స్ ఇంకా రస్ట్ లోకల్ వేరియబుల్‌లోనే ఉంది, కలెక్టర్‌కి అది కనిపించదు. మధ్యలో వచ్చే విలువలన్నీ మీ సొంత స్టాక్ వెక్టర్‌లోకి పుష్ చేసి, మార్కింగ్ అక్కడి నుంచి, గ్లోబల్స్ నుంచి, ఇప్పుడు నడుస్తున్న ఎన్విరాన్‌మెంట్ల నుంచి మొదలుపెట్టండి. నాకు మూడు వారాలు పట్టింది ఈ ఒక్కటి పట్టుకోడానికి. టెస్టుల్లో ప్రతి అలొకేషన్‌కీ కలెక్టర్ నడిపించండి, మర్చిపోయిన చోట్లు త్వరగా బయటపడతాయి.