“వివరింపదగున్”: చెప్పడమా, తరచి చూడడమా?

పలకబలపం: నాలుగో తరగతికి సోషల్ చెబుతాను. పిల్లల చేత మూడు నాలుగు వాక్యాల జవాబులు సొంతంగా రాయించడం మొదలుపెట్టినప్పటి నుంచి సుమతీ శతకంలోని ఒక పాదం నన్ను వదలడం లేదు. “వినినంతనే వేగపడక వివరింపదగున్”. ప్రశ్నలో “వివరించండి” అంటే ఎదుటివాళ్ళకి విడమరిచి చెప్పమని. పద్యంలో ఆ అర్థం పొసగడం లేదు. మొన్న పటం ఇచ్చి, నైలు ఒడ్డునే ఊళ్ళు ఎందుకు వెలిశాయో వివరించమన్నాను. సగం మంది పాఠంలో పేరా దించేశారు, పటం వైపు చూడనే లేదు. తప్పు ఆ మాటలోనే ఉందేమో అనిపిస్తోంది.

కందం: ముందు పాదం సరిచేద్దాం. “వినినంతనె”. ‘నే’ అని దీర్ఘం తీస్తే రెండో గణానికి నాలుగు బదులు అయిదు మాత్రలొచ్చి కంద పద్యం నడక విరిగిపోతుంది.

పలకబలపం: చదివేటప్పుడు దీర్ఘమే వచ్చేస్తోందండీ. మరి అర్థం?

కందం: విచారించడం, నిగ్గు తేల్చుకోవడం. “కని కల్ల నిజము దెలిసిన” అని వెంటనే ఉంది కదా.

ధాతువు: రెండర్థాలకీ మూలం ఒకటే. ‘వృ’ అంటే కప్పడం, ‘వి’ చేరితే కప్పు తీయడం. వివరం అంటే సంస్కృతంలో కన్నం, బిలం కూడా. తనకోసమే అయితే “వివరించుకొన” అనాలి కదా?

కందం: ఆ పాదంలో ‘కొన’కు చోటెక్కడుందండీ?

ఆటవెలది: ప్రశ్నలో ‘వివరించండి’కి బదులు నా ఓటు వేమన ‘జాడ’కి. “చూడ చూడ రుచుల జాడ వేరు”. “పటంలో ఏ జాడ చూసి చెప్పావు?” అని అడగండి మాస్టారూ. ‘ఆధారం’ కన్నా ఇది పిల్లలకి దగ్గరగా ఉంటుంది.

ధాతువు: అక్కడ జాడ అంటే గుర్తు కాదు, తీరు.

ఆటవెలది: తీరే అయితే “చూడ చూడ” అని రెండుసార్లు దేనికి? మళ్ళీ మళ్ళీ చూస్తే దొరికేది గుర్తే. వేమన ఒక్క మాట కూడా వృథా చేయడు.

పలకబలపం: ఇవాళ ‘జాడ’ అనే అడిగాను. ఒక పాప ఇలా రాసింది: “నదికి రెండు వైపులా ఎడారి ఉంది. పచ్చరంగు నది పక్కనే ఉంది. అందుకే జనం అక్కడ ఉన్నారు.” పటంలో చూసినదాన్ని జవాబుకి కలిపింది ఆ “అందుకే”. నేను ఇన్నాళ్ళూ నేర్పలేకపోయింది అదే. చాలా సంతోషంగా ఉంది.

కందం: “అందుకే”లో ఉన్న ఏకారమే “వినినంతనె”లోనూ ఉంది. అక్కడ గణం కోసం పొట్టిదైంది, అంతే.

పలకబలపం: ఇంకొకటి అడగనా? “కని” అంటే కంటితో చూసి అనా, కనుగొని అనా? పటం ముందు పెట్టి రాయిస్తున్నాను కాబట్టి నాకు మొదటిదే కావాలని ఉంది.