ఏటిపాల (నీటి ఒడ్డున పెరిగే విల్లో జాతి చెట్టు) కొమ్మలు చిగురేసి కుళ్లిపోతున్నాయి, ఎలా నాటాలి?

బొబ్బిలి దగ్గర మా పొలం పక్కనుంచి వేగావతి నదిలో కలిసే గెడ్డ (వాగు) పోతుంది. ఏటా వానలకు గట్టు కోసుకుపోతోంది. మట్టిని పట్టి ఉంచుతుందని ఏటిపాల పెంచాలనుకున్నాను. మూడుసార్లు నాటాను, నిలవలేదు.

మొదట జులైలో పెన్సిలంత లావు, అడుగు పొడవున్న కొమ్మలు నలభై, నీటి అంచున బురదలో గుచ్చాను. పది రోజుల్లో చిగుళ్లొచ్చాయి, ఎంత సంతోషపడ్డానో! నాలుగో వారానికి ఆకులు పసుపెక్కాయి. ఒకటి లాగి చూస్తే ఒక్క వేరూ లేదు. అడుగున బెరడు నల్లబడి, వేలితో తాకితే ఊడొచ్చింది, కుళ్లిన గుడ్డు వాసన.

సెప్టెంబరులో ఇసుక కలిపిన మట్టి సంచుల్లో పదిహేను పెట్టాను. పదకొండింటికి తెల్లటి వేళ్లు వచ్చాయి. అక్టోబరు చివర గెడ్డ ఒడ్డున నాటితే, వానకు మోకాలిలోతు నీళ్లు ఆరు రోజులు నిలిచి అన్నీ పోయాయి.

ఆకు రాలాక జనవరిలో బొటనవేలంత లావువి, రెండడుగులవి ఇరవై, మూడు రోజులు బకెట్ నీళ్లలో నానబెట్టి నాటాను. బతికినవి మూడే, అవీ గట్టు పైభాగంలో, ఇసుక నేల ఉన్నచోట. నాకు కావలసింది కింద అంచున.

అక్కడ జిగట బంకమట్టి, జులై నుంచి అక్టోబరు దాకా నీళ్లుంటాయి, మే నెలలో బీటలిస్తుంది. ఇలాంటి చోట ఏటిపాలను బతికించినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ నెలలో, ఎంత లావు కొమ్మను, ఎంత లోతున నాటారో చెప్పగలరా?