కూలర్ పద్ధతిలో ఉప్పునీటిని మంచినీళ్లు చేయొచ్చా?

ప్రశ్న: మాది సముద్రం పక్క ఊరు, బోర్లన్నీ ఉప్పే. కూలర్ గడ్డి మీద ఆ నీళ్లే పోస్తే ఆవిరయ్యేది మంచినీరే కదా, ఆ తేమగాలిని చల్లార్చి నీళ్లు పట్టుకుంటే కరెంటు కలిసిరాదా అన్నా?

జవాబు 1: వస్తుంది తమ్ముడూ, కానీ వేడి ఫ్రీగా దొరకాలి. లీటరు ఆవిరవ్వడానికే దాదాపు 0.65 కరెంటు యూనిట్లంత వేడి కావాలి, అంటే వెయ్యి లీటర్లకి 650, సముద్రపు నీటి ఆర్వో ప్లాంటు వెయ్యి లీటర్లకి 3-4 యూనిట్లతో లాగించేస్తుంది. అందుకే ఎండ వేడో ఫ్యాక్టరీ వేడో ఉండాలి.

జవాబు 2: చల్లార్చడానికి చల్లటిదీ కావాలిగా. లక్షద్వీప్ కవరత్తిలో 2005లో పెట్టిన ప్లాంటు చూడండి, సముద్రం పైనీళ్లని వాక్యూమ్‌లో (గాలి లాగేసిన తొట్టిలో) ఆవిరి చేసి సుమారు 350 మీటర్ల లోతు నుంచి తోడిన చల్లనీళ్లతో ఆ ఆవిరిని నీళ్లు చేస్తారు, కెపాసిటీ రోజుకి లక్ష లీటర్లు, చాలా గొప్ప పని.

జవాబు 3: గడ్డికి ఉప్పు తెల్లగా పేరుకుని గాలి ఆడదు, కూలర్ తొట్టిలో అడుగునీళ్లు తరచూ మార్చండి, అవి మాత్రం పొలంలోకి వదలొద్దు.