వడపళనిలో పాత తెలుగు సినిమా జ్ఞాపకాలతో చిన్న కాఫీ దుకాణం: మీ సలహా కావాలి

వడపళనివాసి:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు ఇక్కడి ఒక రికార్డింగు థియేటరులో ముప్పై ఏళ్లు పనిచేశారు. తెలుగు సినిమా హైదరాబాదుకు తరలిపోయినా మా కుటుంబం చెన్నైలోనే ఉండిపోయింది. ఆయన దాచుకున్న గ్రామఫోను రికార్డులు, హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు, కొన్ని అసలు పోస్టర్లు, ఒక స్పూలు టేప్ రికార్డరు, బైండు చేయించిన చందమామలు ఇంట్లో భద్రంగా ఉన్నాయి. విజయా వాహినీ స్టూడియోల నేల మీద ఇప్పుడు ఆసుపత్రి, పెద్ద మాలు వెలిశాయి కాబట్టి, ఆ కాలపు ఆనవాలు ఈ పేటలో ఒక్కటైనా మిగలాలన్నది నా కోరిక. ఇంటి ముందు భాగంలో సుమారు 400 చదరపు అడుగుల చోటు ఖాళీగా ఉంది. అక్కడ మద్రాసు నాటి తెలుగు సినిమా వాతావరణంతో ఒక కాఫీ దుకాణం తెరవాలనుకుంటున్నాను. తెలుగు అలంకరణ చూసి తమిళ ఇరుగుపొరుగు దూరంగా ఉంటారేమోనని ఒక సందేహం. ఫిల్టరు కాఫీ ఒక్కటే చాలునా, ఎస్ప్రెసో యంత్రం కూడా కొనవలసి ఉంటుందా అన్నది మరొకటి. నాన్నగారి రికార్డులను రోజంతా వినిపించాలని కూడా ఉంది.

అడయారు మాజీ యజమాని:
నేను అడయారులో క్రికెట్టు ఇతివృత్తంతో ఒక కాఫీ దుకాణాన్ని రెండేళ్లు నడిపి మూసివేశాను. మొదటి మూడు నెలలు బ్యాట్ల పక్కన నిలబడి ఫోటోలు దిగడానికి జనం వచ్చారు, ఆ తరువాత రాలేదు. ఒకసారి చూసిన గోడను మళ్లీ చూడడానికి ఎవరూ డబ్బు పెట్టరు. రోజూ వచ్చినవారు పక్క వీధిలోని పదిహేను, ఇరవైమంది మాత్రమే. వారిలో సగం మందికి గోడ మీద ఉన్న ఆటగాడెవరో కూడా తెలియదు; వారు కాఫీ కోసం వచ్చారు. ఇక మ్యాచ్ ఉన్న సాయంత్రాలలో నా 16 కుర్చీలలో కూర్చున్నవారు ఏడు గంటలకు ఒక్కొక్క కాఫీ తీసుకుని పదకొండు వరకు కదిలేవారు కాదు. దుకాణం కిటకిటలాడిన రోజే నాకు నష్టం వచ్చేదంటే మీరు నమ్మకపోవచ్చు. అందువల్ల గోడకు పెట్టే ఖర్చులో సగం తగ్గించి, నిలబడి తాగి వెళ్లేవారి కోసం వీధి వైపు ఒక రాతి గట్టు కట్టించండి. ఉదయం ఆరు నుండి తొమ్మిది వరకు ఆ గట్టే మీ దుకాణాన్ని పోషిస్తుంది. మీకు అద్దె లేదన్నది చిన్న విషయం కాదు, నన్ను ముంచినది అద్దే.

కాఫీపొడి వ్యాపారి:
ఎస్ప్రెసో యంత్రం ఇప్పుడే వద్దు. దాని ధర ఒక ఎత్తు, దానిని నడిపే మనిషిని నిలుపుకోవడం మరొక ఎత్తు. మీ చుట్టూ ఉన్నది డిగ్రీ కాఫీ, అంటే చిక్కటి పాలతో కలిపే ఫిల్టరు కాఫీ తాగే ఊరు. డవరా గ్లాసులో నురుగుతో వచ్చే కాఫీని నాలుకతోనే తూచగల జనం ఇక్కడ ఉన్నారు, వారి దగ్గర నెగ్గితే చాలు.

చిక్కరీ గురించి, అంటే కాఫీలో కలిపే వేరు పొడి గురించి ఒక మాట చెప్పాలి. నిబంధనల ప్రకారం చిక్కరీ కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. అలాగని 51 దగ్గరే ఆగేవారి కాఫీ రంగుకు నల్లగా, రుచికి చేదుగా ఉంటుంది తప్ప పరిమళం ఉండదు. మీరు 80 పాళ్లు కాఫీ, 20 పాళ్లు చిక్కరీతో మొదలుపెట్టండి. కాఫీ గింజలలో పీబెర్రీ, ప్లాంటేషన్ ఎ రకాలను సగం సగం తీసుకుని, చిక్కదనానికి కొద్దిగా రోబస్టా కలిపించుకోవచ్చు. చిక్కరీ బొత్తిగా లేకపోతే నీళ్లు త్వరగా దిగిపోయి డికాక్షను పలచబడుతుంది, మరీ ఎక్కువైతే ఫిల్టరు మూసుకుపోతుంది. కప్పుకు 10 నుండి 12 గ్రాముల పొడి లెక్క వేసుకోండి.

చాలా దుకాణాలు చేసే పొరపాటు ఏమిటంటే, తెల్లవారుజామున పెద్ద ఫిల్టరులో ఒకేసారి డికాక్షను దింపి, దానినే మధ్యాహ్నం వరకు వేడి చేస్తూ ఉంటారు. తొమ్మిది గంటలకు వచ్చినవాడికి అప్పటికే వాసన పోయిన కాఫీ దొరుకుతుంది. చిన్న ఫిల్టర్లు నాలుగు పెట్టుకుని గంట గంటకు ఒకటి దింపండి. పాలు కూడా అంతే, మీగడ కట్టిన పాలను మళ్లీ మళ్లీ కాచకండి.

హక్కుల న్యాయవాది:
పాటల విషయంలో తొందరపడకండి. మన చట్టం ప్రకారం రికార్డింగుపై హక్కు అది విడుదలైన మరుసటి సంవత్సరం నుండి 60 ఏళ్లు ఉంటుంది. ఆ లెక్కన 1957లో వచ్చిన మాయాబజార్ రికార్డింగుల గడువు 2017తో ముగిసింది. అయితే సాహిత్యానికీ సంగీతానికీ లెక్క వేరు. రచయిత, స్వరకర్త మరణించిన తరువాత 60 ఏళ్లు లెక్కిస్తారు. ఆ చిత్రానికి పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1971లో మరణించారు కాబట్టి ఆయన సాహిత్యంపై హక్కు 2031 చివరి వరకు ఉంటుంది. ఘంటసాల గారు 1974లో మరణించారు, ఆయన స్వరపరచిన సంగీతానికి గడువు 2034 వరకు ఉంది. రికార్డు మీ నాన్నగారు కొన్నదే అయినా, దానిని దుకాణంలో నలుగురికీ వినిపించడానికి అనుమతి కావాలి. సాహిత్య సంగీతాలకు ఐపీఆర్ఎస్, రికార్డింగులకు పీపీఎల్ వంటి అనుమతులిచ్చే సంస్థలను సంప్రదించి, మీరు వినిపించదలచినవాటిలో వారి పరిధిలోకి వచ్చేవి ఏవో ముందుగా తెలుసుకోండి. పోస్టర్లు కూడా అంతే: అసలు పోస్టరును గోడకు తగిలించుకోవడం వేరు, అదే బొమ్మను కప్పుల మీద ముద్రించడం వేరు.

నామఫలకం సంగతి కూడా చెబుతాను. తమిళనాడులో దుకాణం పేరు మొదట తమిళంలో, తరువాత ఇంగ్లీషులో, ఆ పైన ఇతర భాషలో 5:3:2 నిష్పత్తిలో ఉండాలి. తెలుగు అక్షరాలకు దక్కేది ఆ రెండు పాళ్లే. కనుక మూడు లిపులలోనూ ఒకేలా పలికే చిన్న పేరును ఎంచుకోండి.

పాత మద్రాసీ:
నాయనా, అలంకరణ గురించి ఇంతమంది ఇంతగా చెప్పుకుంటుంటే నాకు కెథెడ్రల్ రోడ్డులోని ఉడ్లాండ్స్ డ్రైవ్ ఇన్ గుర్తుకు వచ్చింది. 1962లో తెరిచి 2008లో మూసివేశారు, ఇప్పుడు ఆ చోట సెమ్మొళి పూంగా ఉంది. మందుల కంపెనీ ప్రతినిధిగా తిరిగిన రోజులలో నాకు ఆఫీసు అంటే అదే. కారు తలుపుకు పళ్లెం తగిలించి కాఫీ ఇచ్చేవారు. పక్క కారులో ఎవరో కథ చెబుతూ ఉంటే ఇంకెవరో సిగరెట్టు కాలుస్తూ ఊఁ కొట్టేవారు. అక్కడ సినిమావాళ్ల బొమ్మలు గోడకు వేలాడినట్టు నాకు గుర్తు లేదు, సినిమావాళ్లే ఉండేవారు. మీ పేటలో ఇప్పటికీ డబ్బింగు కళాకారులు, ఎడిటింగు సహాయకులు ఉన్నారు కదా, వారికి మధ్యాహ్నం రెండు నుండి నాలుగు వరకు, అంటే మీకు ఎలాగూ బేరం ఉండని వేళలో, లోపలి బల్లలు వదిలివేయండి. అడయారు వారు భయపడిన నష్టం ఆ వేళలో రాదు.

వడపళనివాసి:
అందరికీ కృతజ్ఞతలు. రాతి గట్టు కట్టిస్తాను, యంత్రం కొనను. పాటలకు అనుమతులు వచ్చే వరకు టేప్ రికార్డరు ఊరికే బల్ల మీద ఉంటుంది. పాత సినిమాలలో సగం కథ అయ్యాక తెర మీద పడే ‘విశ్రాంతి’ అన్న మాటనే దుకాణానికి పేరుగా అనుకుంటున్నాను. మూడు లిపులలోనూ కుదురుతుంది.

పాత మద్రాసీ:
పేరు బాగానే ఉంది కానీ, ఈ ఊళ్లో ఆ మాట వింటే వృద్ధాశ్రమం గుర్తుకు వస్తుంది. ‘ఇంటర్వెల్’ అని పెట్టండి.