పోయిన అమ్మ గొంతు, ఫొటోలు: బాగుచేసి దాచాలా, ఉన్నవి ఉన్నట్టే ఉంచాలా?

నీలిసిరా (ప్రశ్న):

ఒకే మనిషి తన పిల్లలకు అమ్మ, అక్క పిల్లలకు పిన్ని, చెల్లెలి పిల్లలకు పెద్దమ్మ. ఆవిడ పోయాక మిగిలేవి కూడా అలాగే మూడిళ్లలో ఉంటాయి. ఒకరి దగ్గర నాలుగు క్యాసెట్లు, ఇంకొకరి దగ్గర ఆల్బమ్, ఎవరి ఫోన్లోనో వాయిస్ మెసేజీలు. అన్నీ ఒకచోట చేర్చే రోజున వాదన మొదలవుతుంది. గరగర తీసేసి, పాలిపోయిన ఫొటోలు ఏఐతో సరిచేసి అవే అందరికీ పంచాలని కొందరు. ముట్టుకోవద్దని, గరగరతోపాటు గొంతూ పోతుందని ఇంకొందరు. ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి, ఎవరిది సబబు? ఎక్కడ తప్పు జరుగుతుంది?

టేపుడెక్కు:

ముట్టుకోవద్దనే వైపే నేను. అయితే టేపుని అలమరలో పెట్టి దణ్ణం పెట్టుకోమని నా అర్థం కాదు. ముందు దాన్ని పూర్తిగా, సరిగ్గా కంప్యూటర్లోకి దించాలి. శుభ్రం చేయడం గురించి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు. చాలామంది సగం సగంగా దించి, ఆ లోటుని సాఫ్ట్‌వేర్‌తో పూడ్చాలని చూస్తారు. గొంతు పాడయ్యేది అక్కడే.

క్యాసెట్ చేతికి రాగానే పైఅంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలుకుల్ని విరిచేయండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాతది చెరగదు. టేపు అంచుల మీద తెల్లటి పొడిలా కనిపిస్తే అది బూజు. ఆడించకండి, విడిగా కవర్లో పెట్టండి. లోపల టేపుని, దాన్ని చదివే హెడ్‌కి అదిమే చిన్న ఫెల్టు ముక్క ఊడిపోయి ఉంటే గొంతు దూరం నుంచి వచ్చినట్టు మందంగా వినిపిస్తుంది. స్క్రూలున్న మామూలు క్యాసెట్ ఇంకొకటి విప్పి, టేపు చక్రాలని దాన్లోకి మార్చితే సరిపోతుంది. 120 నిమిషాల క్యాసెట్లతో మాత్రం జాగ్రత్త. వాటి టేపు బాగా పల్చన, సాగుతుంది, రోలర్‌కి చుట్టుకుంటుంది. వాటిని ముందుకీ వెనక్కీ పరుగెత్తించకండి.

ప్లేయర్ హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడవండి. రబ్బరు రోలర్‌కి ఆల్కహాల్ వద్దు, ఎండి పగులుతుంది. తడిగుడ్డ చాలు. ఆ తర్వాత ఎవరూ పట్టించుకోని పని: హెడ్ వాలు. హెడ్‌కి ఒక పక్క స్ప్రింగ్ మీద చిన్న స్క్రూ ఉంటుంది. ఆవిడ రికార్డు చేసిన యంత్రంలో హెడ్ ఏ వాలులో ఉందో మీ ప్లేయర్‌లోనూ అదే వాలు రావాలి. టేపు ఆడుతుండగా స్క్రూని పావు మలుపు లోపలే అటూ ఇటూ కదపండి. ‘స’, ‘ష’, ‘చ’లు ఎక్కడ పదునుగా వస్తే అక్కడ ఆపండి. దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టున్న గొంతు ఈ ఒక్క స్క్రూతో ఎదురుగా కూర్చున్నట్టు వస్తుంది. ఏ ఫిల్టరూ చేయలేని పని ఇది.

కంప్యూటర్‌కి కలిపేటప్పుడు లైన్ ఇన్‌కే కలపండి, మైక్ రంధ్రానికి కాదు. శబ్దం ఎంత గట్టిగా వచ్చినా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. 24 బిట్, 48 వేల హెర్ట్జ్, కుదించని వేవ్ ఫైలు. అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం తన టీసీ-04 మార్గదర్శకాల్లో చెప్పే కనీస కొలత ఇదే. గంట స్టీరియోకి ఒక జీబీ పైచిలుకు అవుతుంది. స్థలం కలిసొస్తుందని ఎంపీ3గా దించారంటే మళ్లీ దించాల్సిందే, అప్పటికి టేపు ఉంటుందో ఉండదో.

మూడోప్రతి:

టేపుడెక్కు గారూ, దించడం గురించి మీరు చెప్పినదంతా ఒప్పుకుంటాను. కానీ తీర్పుతో కలవలేను. 45 నిమిషాల బుస మధ్యలో 11 నిమిషాల మాట ఉన్న ఫైలుని మీరు పదిమందికి పంపండి. ఒక్కరూ చివరిదాకా వినరు. ఎవరూ వినని గొంతుని భద్రపరిచాం అనుకోవడం మనల్ని మనం ఓదార్చుకోవడమే.

ఇంకో సంగతి. ఆ గొంతు కోసం అందరికంటే ఎక్కువ తపించేది సాధారణంగా ఆవిడ అక్కో చెల్లెలో, అంటే వయసు మళ్లినవాళ్లు. వయసుతోపాటు ముందు పోయేది ఎక్కువ పౌనఃపున్యాల వినికిడి. హల్లులు ఉండేది అక్కడే. వాళ్లకి అసలు ఫైలు వినిపిస్తే ఎవరో గొణుగుతున్నట్టు ఉంటుంది. వాళ్ల కోసం చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. 80 హెర్ట్జ్ కింద కోసేయండి, 2 వేల నుంచి 4 వేల హెర్ట్జ్ మధ్య 3 డెసిబెల్స్ పెంచండి, గట్టి మాటకీ మెల్లటి మాటకీ మధ్య తేడాని కంప్రెసర్‌తో కొంచెం తగ్గించండి. ఒక పెద్దావిడ తన చెల్లెలి మాటని చెవికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా వినగలగడం కంటే మన శుద్ధత ఎక్కువా?

టేపుడెక్కు:

ఎక్కువ కాదు. మీరు చెప్పిన మూడూ సర్దుబాట్లు. అసలు ఫైలు పక్కన భద్రంగా ఉంటే వాటితో నాకు పేచీ లేదు. నా పేచీ నాయిస్ రిడక్షన్‌తో, అంటే సాఫ్ట్‌వేర్‌తో బుస తీసేయడంతో.

‘స’ అనే హల్లు బలం చాలావరకు 4 వేల నుంచి 8 వేల హెర్ట్జ్ మధ్య ఉంటుంది. టేపు బుస బాగా వినబడేదీ అక్కడే. సాఫ్ట్‌వేర్‌కి ఆ రెండిటికీ తేడా చెప్పే దారి సన్నం. 20 డెసిబెల్స్ తగ్గించమంటే ‘సరేలే’ అన్న మాట ‘అరేలే’ అవుతుంది. మాటల మధ్య ఊపిరి పోతుంది, గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు గలగలమంటుంది. అమ్మ గొంతుని అమ్మ గొంతుగా గుర్తుపట్టేది చాలాసార్లు ఆ ఊపిరితోనే, మాట మొదలెట్టే ముందు వచ్చే చిన్న ‘ఆఁ’తోనే.

తప్పనిసరి అనుకుంటే 6 డెసిబెల్స్ దగ్గర ఆగండి. మాట లేని ఒకటి రెండు సెకన్లు నమూనాగా ఇవ్వండి. శబ్దాన్ని సర్దే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో ‘రెసిడ్యూ’ అని ఒకటుంటుంది. తీసేస్తున్న దాన్ని మాత్రమే వినిపిస్తుంది. అందులో వట్టి బుస ఉంటే సరే. ఆవిడ మాట నీడలా కూడా వినిపిస్తోందంటే మీరు తీసేస్తున్నది ఆవిడనే.

నీలిసిరా:

వేగం మాటేమిటి? గొంతు సన్నగా, చిన్నపిల్ల గొంతులా వచ్చే టేపులుంటాయి. దాన్ని సరిచేయడం కూడా ముట్టుకోవడమేనా?

టేపుడెక్కు:

కాదు. అది తప్పుని విప్పడం. క్యాసెట్ సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి. బ్యాటరీ నీరసించిన రికార్డర్‌లో టేపు మెల్లగా నడిచింది, ఇప్పుడు సరైన వేగంతో ఆడిస్తే గొంతు సన్నబడుతుంది. 6 శాతం తేడా ఉంటే పూర్తి అరస్వరం పైకి పోతుంది. చెవితో అంచనా వేయకండి, ఎవరి జ్ఞాపకం వాళ్లది, కూతురొకటంటుంది, మేనకోడలు ఇంకొకటంటుంది. ఆ రోజు రికార్డర్ కరెంటు మీద నడిచి ఉంటే టేపులో సన్నగా ‘ఊం’ అనే హోరు పడి ఉంటుంది. 50 హెర్ట్జ్ సరఫరా ఉన్నచోట అది 50 దగ్గర ఉండాలి. స్పెక్ట్రమ్‌లో (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే పటం) 51.5 దగ్గర కనిపిస్తే టేపు 3 శాతం వేగంగా నడుస్తోందన్నమాట. అంతే తగ్గించండి. సరిగ్గా 50 దగ్గర కదలని గీత ఇంకొకటి కనిపిస్తే అది మీ ప్లేయర్ హోరు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

వెలుగునీడ:

ఫొటోల గురించి రాస్తాను. ఇందులో నేను టేపుడెక్కు గారికంటే మొండి.

ముఖాల్ని ‘బాగుచేసే’ ఏఐ పనిముట్లు పోయిన వివరాన్ని వెనక్కి తేవు. తెచ్చే వీలు లేదు. గుంపు ఫొటోలో ముఖం స్కాన్ చేశాక 40 పిక్సెళ్ల వెడల్పే ఉంటే, అందులో కనురెప్ప వెంట్రుకల సమాచారమే లేదు. అది లక్షల ముఖాలు చూసి నేర్చుకున్న పోలికతో కొత్త ముఖం గీస్తుంది. ముక్కు పక్క పుట్టుమచ్చని మరక అనుకుని చెరిపేస్తుంది. ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన పళ్లని వరసగా పేరుస్తుంది. ఒక కన్ను కొంచెం చిన్నదైతే రెండూ సమానం చేస్తుంది. మనవలు ఆ ఫొటో చూస్తూ పెరుగుతారు. వాళ్లకి తెలిసిన బామ్మ అసలెప్పుడూ పుట్టని మనిషి.

మూడోప్రతి గారు ‘పిల్లలు చూడరు’ అంటారేమో. సరిగ్గా స్కాన్ చేస్తే చూస్తారు. మామూలు 4 అంగుళాలు 6 అంగుళాల ప్రింటుకి 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెడితే 2400 బై 3600 పిక్సెళ్లు వస్తాయి. పాస్‌పోర్టు సైజుకి 1200. నలుపు తెలుపు ఫొటో అయినా కలర్‌లోనే స్కాన్ చేయండి, మరకల రంగే తర్వాత వాటిని విడదీయడానికి పనికొస్తుంది. టిఫ్ ఫైలుగా దాచండి. స్కానర్‌లో ఉండే ‘డస్ట్ రిమూవల్’, ‘షార్పెన్’ రెండూ ఆపండి. ఎర్రబారిన కలర్ ప్రింట్లలో జరిగింది నీలి ఛాయ రంగు వెలిసిపోవడం, చీకట్లో దాచినా అది జరుగుతుంది. ఫొటో సాఫ్ట్‌వేర్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వంపుల్ని (కర్వ్స్) విడివిడిగా సర్దితే చాలావరకు తిరిగొస్తుంది. అది కల్పన కాదు, ఉన్న రంగుల తూకం సరిచేయడమే. గీతలు, మడతలు ముఖం మీద కాకుండా గోడ మీదో బట్టల మీదో ఉంటే చేత్తో పూడ్చండి. ముఖం మీద గీత వదిలేయండి.

జిగురు పేజీల ఆల్బమ్ నుంచి ఫొటో లాగకండి, మూల విరుగుతుంది. మైనం లేని పళ్ల దారం ఫొటో వెనకనుంచి మెల్లగా రంపంలా నడిపితే వస్తుంది. రాకపోతే పేజీతో సహా స్కాన్ చేయండి. ఫ్రేములో అద్దానికి అంటుకున్నదైతే అద్దం మీదనుంచే స్కాన్ చేయాలి. తడిపి ఊడదీద్దాం అనుకునేవాళ్లు పైపొరని అద్దానికే వదిలేస్తారు. ఉత్తరాలకి లామినేషన్ చేయించకండి, వేడికి కరిగిన ఆ పొర మళ్లీ ఊడి రాదు.

చిన్నక్షరం:

ఒక ముఖ్యమైన సంగతి అందరూ వదిలేశారు. ఫైలుకి ‘అమ్మ పాట’ అని పేరు పెడతారు. ఎవరి అమ్మ? ఆ ఫైలు పిన్ని అని పిలిచేవాళ్ల ఇంటికి వెళ్లగానే ఆ పేరుకి అర్థం మారిపోతుంది, ఇంకో తరానికి అర్థమే ఉండదు. పూర్తి పేరు, ఏడాది, ఏ క్యాసెట్, ఏ పక్క, అసలా సర్దినదా, ఇవన్నీ పేరులోనే ఉండాలి. ఏడాది తెలియకపోతే ‘1980ల్లో’ అని పెట్టండి, ఊహించి తేదీ వేయకండి. పక్కన ఒక మామూలు టెక్స్ట్ ఫైలు: టేపులో ఎదురుగా వింటున్నది ఎవరు, వెనకాల పిలుస్తున్నది ఎవరు, ఏ నిమిషం దగ్గర. ఆ కాగితం పట్టుకుని పెద్దమ్మ అని పిలిచేవాళ్ల దగ్గరికీ వెళ్లండి. కన్నపిల్లలకి తెలియని పేర్లు వాళ్లు చెబుతారు. పిల్లలతో మాట్లాడే గొంతు వేరు, అక్కచెల్లెళ్ల పిల్లలతో మాట్లాడే గొంతు వేరు. రెండూ ఆవిడే.

ఫోన్ సంగతి అన్నిటికంటే తొందరగా చూడాలి. రీసెట్ చేయకండి, వెంటనే సిమ్ రద్దు చేయించకండి, ఓటీపీలు దానికే వస్తాయి. వాట్సాప్ ఖాతా 120 రోజులు వాడకపోతే మామూలుగా తొలగిపోతుంది. గూగుల్ ఖాతా 2 ఏళ్లు కదలకపోతే దాన్లోని ఫొటోలతో సహా తీసేయవచ్చు. వాయిస్ మెసేజీలు ఓపస్ ఫైళ్లుగా ఉంటాయి. ఎంపీ3గా మార్చకుండా అలాగే కాపీ చేయండి, ఇప్పటికే కుదించిన దాన్ని మళ్లీ కుదిస్తే నష్టం రెట్టింపు. ఫొటోలు పంపమంటే ‘డాక్యుమెంట్’గా పంపమనండి, మామూలుగా పంపితే చిన్నవైపోతాయి.

నీలిసిరా:

గొంతు నమూనా ఇచ్చి ఆవిడ అనని మాటలు అనిపించడం? పెళ్లికో పుట్టినరోజుకో దీవెన చేయిస్తున్నారు.

వెలుగునీడ:

వద్దు. పుట్టుమచ్చ చెరిపినదాని కంటే పెద్ద తప్పు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఫైలు మిగతావాటితో కలిసిపోతుంది, ఏది ఆవిడ అన్నదో ఎవరూ చెప్పలేరు.

మూడోప్రతి:

ఒక మినహాయింపు ఉంది. కండరాలు చచ్చుబడే జబ్బుల్లో మాట పోకముందే తమ గొంతుని తామే రికార్డు చేసి యంత్రానికి ఇచ్చేవాళ్లున్నారు. అది ఆ మనిషి ఇష్టంతో జరిగింది. అలాంటి అనుమతి లేనప్పుడు నేనూ వద్దనే అంటాను. ఇంకో కారణం కూడా ఉంది. కొద్ది సెకన్ల శుభ్రమైన గొంతు దొరికితే నకలు చేసి డబ్బు అడిగే మోసగాళ్లున్నారు. కాబట్టి సర్దిన ఫైళ్లు బంధువులకే పంపండి, బహిరంగంగా పెట్టకండి.

అసలు వాదన మీద నేను కొంత తగ్గుతాను. పంచేటప్పుడు సర్దిన ప్రతితోపాటు అసలు కూడా ప్రతి ఇంటికీ వెళ్లాలి. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే ఊళ్లో. పెన్‌డ్రైవ్‌ని లెక్కలోకి తీసుకోవద్దు, కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పడుంటే డేటా చెదరవచ్చు. కానీ వినడానికి రెండు మూడు నిమిషాల ముక్కలు కత్తిరించి ఇవ్వాలనే మాట మీద మాత్రం తగ్గను.

టేపుడెక్కు:

ముక్కలు ఇవ్వండి. కత్తిరించే చోటు మాత్రం చూసుకోండి. పాట మొదలైన చోట మొదలెట్టి, అయిపోయిన చోట ఆపేస్తారు అందరూ. పాట ఆవిడ జాగ్రత్తపడి పాడింది. దానికి ముందు గొంతు సవరించుకుని ‘పడుతోందా?’ అని అడిగినది, అయ్యాక ‘ఇంక చాలు, ఆపెయ్’ అని నవ్వినది, బటన్ టక్కుమన్న చప్పుడు, ఇవి జాగ్రత్తపడనివి. రెండు వైపులా పది సెకన్లు వదలండి.