కలయాఅన్: ఫిలిప్పీన్స్‌లో ఒక ఊరి పేరు

ఊళ్ల పేర్ల చర్చలో ఒకరు అడిగారు: "కలయాఅన్‌లో ఉన్నది మన లయేనా?"

కాదండీ, ఆ పోలిక కాకతాళీయమే. ఫిలిప్పీన్స్ భాష టగాలోగ్‌లో "మలయా" అంటే స్వేచ్ఛగా ఉన్న అని. అందులోని "లయా"కు ముందు "క", వెనక "అన్" చేరిస్తే కలయాఅన్, అంటే స్వేచ్ఛ. పలికేటప్పుడు "యా" దగ్గర గొంతు చిన్నగా ఆగుతుంది.

1956లో తొమాస్ క్లోమా అనే లాయరు ఫిలిప్పీన్స్‌లోని పలావాన్ దీవికి పడమటనున్న దీవులు తనవని ప్రకటించి, ఇంగ్లీషులో "ఫ్రీడమ్‌లాండ్" అని పేరు పెట్టాడు. 1974లో ఆ హక్కును ఒక్క పెసోకు ప్రభుత్వానికి రాసిచ్చేశాడు. 1978 జూన్ 11న ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్ 1596వ అధ్యక్ష డిక్రీతో వాటిని పలావాన్ ప్రావిన్సులో కలయాఅన్ మున్సిపాలిటీగా చేశాడు. చైనా, వియత్నాం, తైవాన్ కూడా అక్కడి దీవులు తమవేనంటున్నాయి. 2020 జనాభా లెక్కల్లో ఊరి మొత్తం 193 మంది.

నాకైతే ఊరి కంటే మాట కథే ముచ్చటగా ఉంటుంది. 1886లో ఫిలిప్పీన్స్ రచయిత హోసే రిజాల్, షిల్లర్ నాటకం "విలియం టెల్"ను జర్మన్ నుంచి టగాలోగ్‌లోకి తెస్తూ స్వేచ్ఛ అనే మాట దగ్గర ఆగిపోయాడు. "కలిగ్తాసన్" ఉంది కానీ, అది అంతకుముందు చెరలో ఉన్నవాడికే పొసుగుతుంది. మన "విడుదల" లాగా. చివరికి మార్సెలో డెల్ పిలార్ అనే మరో ఫిలిప్పీన్స్ రచయిత తన అనువాదంలో వాడిన "కలయాహన్" కంటపడిందని అన్నకు ఉత్తరం రాశాడు. పదేళ్లకు, 1896లో, స్పెయిన్ పాలనను ఎదిరించిన కటిపునన్ అనే రహస్య సంఘపు విప్లవకారులు తమ పత్రికకు పెట్టుకున్న పేరు కలయాఅన్!

— మాష్టారూ, కలయాఅన్‌లో జనం ఉండే దీవి పేరు "పగ్‌ఆస" అట, అంటే ఆశ అట. ఇది కూడా కాకతాళీయమేనా?

— లేదమ్మా, ఇది అచ్చంగా చుట్టరికమే. సంస్కృతం "ఆశా" మలయ్ మీదుగా టగాలోగ్ చేరి "ఆస" అయింది. వాళ్లకు శకారం లేదు. "పగ్" వాళ్ల సొంత ఉపసర్గ. దీవి సుమారు 92 ఎకరాలుంటుంది, మన పల్లెల్లో ఒక చెరువంత. ఇలా వెళ్లినవి ఇంకా ఉన్నాయి: ముఖానికి "ముఖా" అనే రాసి "ముక్హా" అని పలుకుతారు, గురువు "గురో", దేవత "దివాతా". ఈ దివాతా కొండనూ అడవినీ కాచే దేవత. "ముత్యా" మన ముత్యానికి చుట్టమే; అపురూపమైన మణికీ, అందగత్తెకూ కూడా వాడతారు.